గ్యాలరీ ఫొటోలకు క్యాప్షన్లు జోడించేటప్పుడు

వెబ్‌సైట్ బిల్డర్‌లో గ్యాలరీ పెట్టి ప్రతి ఫొటోకూ నాలుగు మాటలు జోడించాలనుకునేవారు, ఆ మాటలను ఫొటో ఎడిటర్‌లో బొమ్మ మీదే రాసి అప్‌లోడ్ చేయడం కంటే, గ్యాలరీ సెట్టింగ్స్‌లో ఒక్కో ఫొటోకు విడిగా ఉండే క్యాప్షన్ గడిలో టైప్ చేయడం మేలు. బొమ్మలో కలిసిపోయిన అక్షరాలు ఫోన్ తెరపై చీమల్లా కనిపిస్తాయి. పైగా గ్రిడ్ లేఅవుట్ ఫొటోను చతురస్రంగా కత్తిరించినప్పుడు అంచున ఉన్న పదం సగానికి తెగిపోతుంది.

క్యాప్షన్‌తో పాటు సాధారణంగా ఆల్ట్ టెక్స్ట్ గడి కూడా ఉంటుంది. రెండింటిలోనూ ఒకే వాక్యాన్ని అతికించడం చాలామందికి అలవాటు గానీ, వాటి పనులు వేరు. క్యాప్షన్ ఫొటోను చూస్తున్నవారికి అదనపు సమాచారం ఇస్తుంది. ఆల్ట్ టెక్స్ట్‌ను స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని బిగ్గరగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదివి, చూడలేనివారికి ఫొటోలో ఏముందో చెబుతుంది. ఒక కుర్చీ ఫొటోకు ‘టేకు కుర్చీ, ఎత్తు 90 సెం.మీ.’ అన్నది క్యాప్షన్ అయితే, ‘వీపు ఆనే చోట అడ్డపట్టీలున్న గోధుమరంగు చెక్క కుర్చీ’ అన్నది ఆల్ట్ టెక్స్ట్ అవుతుంది.

మౌస్ పెడితేనే కనిపించే క్యాప్షన్లు కంప్యూటర్‌లో ముచ్చటగానే ఉంటాయి కానీ, టచ్ తెరపై మౌస్ ఉండదు కనుక, ఫొటో కింద ఎప్పుడూ కనిపించే అమరికను ఎంచుకోవాలి. ఫొటో మీదే అక్షరాలు ఉంచక తప్పనప్పుడు వాటి వెనుక ముదురు రంగు పొర వేసి, వెబ్‌సైట్లను అందరూ వాడగలిగేలా చేసేందుకు రూపొందించిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ఏఏ (మధ్య) స్థాయిలో మామూలు సైజు అక్షరాలకు కోరే 4.5:1 కాంట్రాస్ట్‌కు (అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడాకు) తగ్గకుండా చూసుకోవాలి. తెలుగు క్యాప్షన్లలో ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఖాళీని కొంత పెంచడం కూడా అవసరమే.