వర్గ ప్రమేయానికి ఒక బిందువు దగ్గర అవకలజం కనుక్కునే ముందు జాగ్రత్తలు

ఉదాహరణకు ఎఫ్(ఎక్స్) = 3ఎక్స్² − 5ఎక్స్ + 2, బిందువు ఎక్స్ = −2 అనుకుందాం.

• ప్రశ్న ఏ పద్ధతి అడిగిందో చూసుకోండి. అవధి నిర్వచనంతో, అంటే హెచ్ సున్నాకు చేరువవుతుంటే [ఎఫ్(−2 + హెచ్) − ఎఫ్(−2)]/హెచ్ చేరే విలువతో, చేయమంటే సూత్రం వేసి తేల్చేయకూడదు.

• ముందే −2 ప్రతిక్షేపించి ఆ తర్వాత అవకలనం చేయకండి. ఎఫ్(−2) = 24 ఒక స్థిర సంఖ్య, దాని అవకలజం సున్నా. మొదట 6ఎక్స్ − 5 రావాలి, తర్వాతే −2 పెట్టాలి. జవాబు −17.

• నిర్వచనంతో చేస్తుంటే బ్రాకెట్లు వదలొద్దు. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. (−2 + హెచ్)² అంటే 4 − 4హెచ్ + హెచ్². మధ్య పదం మరిచిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. సరిగ్గా విస్తరిస్తే ఎఫ్(−2 + హెచ్) = 24 − 17హెచ్ + 3హెచ్² వస్తుంది. 24 తీసేశాక మిగిలిన ప్రతి పదంలోనూ హెచ్ ఉండాలి. లేదంటే అక్కడే ఆగి వెనక్కి చూడండి.

• హెచ్‌తో భాగించకముందే హెచ్ = 0 పెట్టకండి, 0/0 మిగులుతుంది. భాగించాక −17 + 3హెచ్, అప్పుడు అవధి తీసుకోండి.

• 24 బిందువు ఎత్తు, −17 అక్కడి స్పర్శరేఖ వాలు. రెండింటినీ కలపకండి.

• సరిచూసుకోడానికి నాకు బాగా నచ్చిన దారి ఒకటుంది. బిందువుకు అటూ ఇటూ సమాన దూరంలో విలువలు తీసుకోండి: ఎఫ్(−1) = 10, ఎఫ్(−3) = 44. తేడా 10 − 44 = −34ను ఆ రెండు బిందువుల మధ్య దూరం 2తో భాగిస్తే −17. వర్గ ప్రమేయాలకు ఇది ఉజ్జాయింపు కాదు, ఎప్పుడూ కచ్చితంగా సరిపోతుంది.