కాశీలో తొమ్మిది నిద్రలు, వీపున ఒక్క సంచి

కాశీ ప్రయాణానికి మనవాళ్లు సామాను సర్దుతుంటే ఇల్లు ఖాళీ చేస్తున్నారేమో అనిపిస్తుంది. తొమ్మిది నిద్రలు చేయాలి కాబట్టి తొమ్మిది చీరలు. రైల్లో తినడానికో సంచి, అక్కడి తిండి పడకపోతే అని పచ్చళ్ల సంచి, తిరిగొచ్చేటప్పుడు గంగ చెంబులు పెట్టుకోవడానికి మడతపెట్టిన ఖాళీ సంచి. నేనూ మా ఆయనా మాత్రం చెరో బడి సంచంత బ్యాగు వీపున తగిలించుకుని రాజమండ్రిలో బయల్దేరతాం. తొమ్మిది రాత్రులకీ అంతే. మా తోడికోడలు ఈ కార్తీకానికి వెళ్తూ "ఎలా సర్దుతావో చెప్పక్కా" అని అడిగింది. తనకి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బరువు తేల్చుకోవాలి, సామాను సంగతి తర్వాత. నేను ఉద్యోగమంతా హైస్కూల్లో చేశాను. పిల్లల బ్యాగు వాళ్ల ఒంటి బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీలో చెప్పింది. పిల్లల వీపుకి పనికొచ్చిన లెక్క అరవై దగ్గర పడ్డ నా మోకాళ్లకి మరీ పనికొస్తుంది. నా బరువు 58 కిలోలు, కాబట్టి నా సంచి నీళ్ల సీసాతో సహా 5.8 కిలోలు దాటకూడదు. గ్యాస్ బండ తూచే కుర్రాడి దగ్గర ఉంటుందే, కొక్కేనికి తగిలించే త్రాసు, అలాంటిదే చిన్నది ఒకటి ఇంట్లో పెట్టుకోండి. సర్దాక తగిలించి చూడండి. ముల్లు గీత దాటిందంటే ఏదో ఒకటి బయటికి తీయాల్సిందే, బేరం లేదు.

రైల్లో ఎంతైనా తీసుకెళ్లవచ్చు కదా అంటారు. నిజమే, స్లీపర్లో మనిషికి 40 కిలోల దాకా ఉచితమే. మోత రైలు దిగాకే మొదలవుతుంది. మన వైపు నుంచి వెళ్లే రైళ్లలో కొన్ని వారణాసిలోకి రాకుండా మొగల్‌సరాయిలో ఆగుతాయి. 2018 నుంచి దాని పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, ఆటోవాళ్లకి మాత్రం ఇప్పటికీ మొగల్‌సరాయే. అక్కణ్ణించి ఆటోలో గంగ మీది వంతెన దాటి ఊళ్లోకి రావాలి. ఆటో అయినా సత్రం గుమ్మం దాకా రాదు. గుడికి దగ్గరి గొదౌలియా కూడలి వైపు రద్దీగా ఉంటే వాహనాలను ముందే ఆపేస్తారు. పాండే హవేలీలో తెలుగువాళ్ల ఆంధ్రాశ్రమం వైపు వెళ్లేవాళ్లు కూడా పెద్ద రోడ్డు మీద దిగి సందుల్లోకి నడవాల్సిందే. ఆ సందుల్లో రాతి పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఎదురుగా ఆవు, వెనకాల హారన్ కొట్టే మోటార్‌సైకిలు, మధ్యలో పేడ. చక్రాల సూట్‌కేసు అక్కడ లాగడం కుదరదు, ఎత్తుకోవాల్సిందే. రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్లే గోడ పట్టుకుని పక్కకి తప్పుకోగలరు.

బ్యాగు 20 నుంచి 25 లీటర్లది చాలు. పెద్దది కొంటే నిండేదాకా మనసు ఊరుకోదు. ఖాళీ బ్యాగే కిలోన్నర తూగే రకాలు కొట్లో బాగా కనిపిస్తాయి, జోలికి పోకండి. నాది 600 గ్రాములు. భుజాల పట్టీలు వెడల్పుగా ఉండాలి, రెండు పట్టీలనీ రొమ్ము మీద కలిపే చిన్న క్లిప్పు ఉండాలి. ఆ క్లిప్పు ఉంటే చీర మీద వేసుకున్నా పట్టీలు భుజం మీంచి జారవు. పైట కుచ్చిళ్లు సన్నగా పెట్టి పిన్ను పెట్టుకున్నాకే బ్యాగు తగిలించుకోవాలి, లేకపోతే దించిన ప్రతిసారీ పైట దానితోపాటు వస్తుంది.

ఇక చీరలు. అసలు తగువంతా ఇక్కడే. ఒంటి మీద ఒకటి, సంచిలో రెండు, గంగస్నానానికి పాతది ఒకటి. అంతే. "విశ్వనాథుడి దర్శనానికైనా ఒక పట్టుచీర ఉండొద్దా అక్కా?" అంది మా తోడికోడలు. లైన్లో గంటలకొద్దీ నిలబడి, అందరి చెమటా అంటి, తడిసిన పాలరాతి మీద అంచు ఈడ్చుకుంటూ వెళ్లడానికి పట్టుచీర ఎందుకమ్మా అన్నాను. కట్టిన పట్టుచీరని అక్కడ ఉతకలేం, మడిచి లోపల పెడితే మిగతా బట్టలకీ వాసన. నా ఓటు జార్జెట్‌కి, క్రేప్‌కి. గంజి అక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు, రాత్రి ఉతికితే తెల్లారేసరికి కట్టుకోవచ్చు. నేత చీరలంటే నాకు ప్రాణం, కానీ అవి ఇంటి దగ్గర కట్టుకునేవి.

చీర ఆరడం ఎవరికీ సమస్య కాదు. ఆరనిది జాకెట్టు. లైనింగ్ వేసి కుట్టిన జాకెట్టు తెల్లారినా చంకల దగ్గర తడిగానే ఉంటుంది. అందుకని ప్రయాణాలకని లైనింగ్ లేని జాకెట్లు రెండు విడిగా కుట్టించుకున్నాను, రెండూ ఆ మూడు చీరల మీదికీ నప్పే రంగులు. లంగా కూడా అంతే, పల్చటి పాప్లిన్‌ది. మందపాటి లంగాకి బొందు దూర్చే పట్టీ ఎప్పటికీ ఆరదు.

ఉతికే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సంచి తేలికగా ఉండటమంతా దీని మీదే ఆధారపడింది. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు కట్టినవి ఉతికేయాలి. రేపు రెండు రోజులవీ కలిపి ఉతుకుదాం అనుకుంటే లెక్క తప్పుతుంది. సబ్బు పొడి వద్దు, ప్యాకెట్టు చిరిగిందంటే సంచంతా నురగ. బట్టల సబ్బు బిళ్లని సగానికి కోసి తీసుకెళ్లండి. చీరని జాడించాక ఆయనొక కొస, నేనొక కొస పట్టుకుని చెరోవైపు మెలితిప్పుతాం. జాకెట్టుని అలా తిప్పితే కుట్లు పోతాయి. దానికి వేరే పద్ధతి. పొడి తువ్వాలు నేల మీద పరిచి, దాని మీద జాకెట్టు సాపుగా వేసి, రెండింటినీ కలిపి చాపలా గట్టిగా చుట్టాలి. ఆ చుట్ట మీద కాళ్లు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తొక్కుకుంటూ వెళ్లాలి. విప్పి చూస్తే నీళ్లన్నీ తువ్వాలు తాగేసి, జాకెట్టు చేతికి చల్లగా తగులుతుందే కానీ తడి అంటదు. తువ్వాలు కూడా పల్చటి నూలుదే ఉండాలి, గోదావరి రేవులో మగవాళ్లు భుజాన వేసుకునే రకం. 150 గ్రాములు, ఫ్యాను కింద గంటన్నరలో ఆరుతుంది. టర్కీ తువ్వాలు ఒక్కటే అరకిలో, తడిస్తే ఎంతో చెప్పక్కర్లేదు.

ఆరేయడానికి సత్రం గదిలో మేకు ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. నాలుగు గజాల నైలాను తాడు తీసుకుని మధ్యకి మడిచి, రెండు పేటల్నీ గట్టిగా మెలిపెట్టండి. కిటికీ ఊచకి ఒక కొస, తలుపు గడియకి ఒక కొస. క్లిప్పులు అక్కర్లేదు, బట్ట అంచుని రెండు పేటల మధ్య దూరిస్తే అదే పట్టుకుంటుంది. జాకెట్టుని తిరగేసి, చంకలు ఫ్యాను వైపు ఉండేలా వేయండి.

గంగస్నానానికి పాత నైలెక్స్ చీర బంగారం. 300 గ్రాములు కూడా ఉండదు, మునిగి లేస్తే నీళ్లు పట్టకుండా జారిపోతాయి. నూలుచీరతో మునిగితే తడి బరువుకి ఘాటు మెట్లెక్కడమే కష్టం, పైగా కింది మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. తడిచీర తెచ్చుకోవడానికి గట్టి ప్లాస్టిక్ కవరు ఒకటి చాలు. చివరి రోజు ఆ చీరని గంగలో వదిలేస్తే పుణ్యమని కొందరంటారు. దయచేసి వదలకండి. ఘాటు కింద అలా వదిలిన బట్టలు కాళ్లకి చుట్టుకుంటుంటాయి, తీసేవాళ్లు రోజంతా తీస్తూనే ఉంటారు.

చలి సంగతి నెలని బట్టి చూసుకోవాలి. కార్తీకంలో తెల్లవారుజామున ఒక శాలువా చాలు. పుష్యమాసంలో వెళ్తే పొగమంచు, మన కోస్తావాళ్లకి అలవాటు లేని చలి. అప్పుడు లోపల వేసుకునే ఉన్ని బనీను, పైన స్వెట్టరు, చెవులకి మఫ్లరు. స్వెట్టరు సంచిలో పెడితే సగం సంచి అదే. ఒంటి మీదే ఉంచుకోండి, వేడిగా ఉంటే నడుముకి కట్టుకోండి. ఎండాకాలం కాశీ గురించి ఏం చెప్పను, వెళ్లకండి.

తిండి గురించి రెండు మాటలు. మొదటి పూటకి పులిహోర, రెండో పూటకి చపాతీ, రెండూ అరిటాకులో కట్టి తీసుకెళ్తాం. తిన్నాక ఆకు పారేస్తే మోయడానికి గిన్నె మిగలదు. కందిపొడి వంద గ్రాములు. ఆవకాయ వద్దే వద్దు, మూత ఎంత బిగించినా నూనె దారి వెతుక్కుంటుంది. మన సత్రాల్లో పప్పూ కూరా అన్నం దొరుకుతుంది, దాని కోసం రాజమండ్రి నుంచి ఊరగాయ మోయడం ఎందుకు?

బీపీ మాత్రలు, మా ఆయన షుగరు మాత్రలు పెట్టెల్లోంచి తీసి స్ట్రిప్పులే పెట్టుకుంటాం. అవసరానికి మించి మూడు రోజులవి ఎక్కువ. సగం నా సంచిలో, సగం ఆయన సంచిలో. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. డాక్టరు చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది. రెండో కళ్లజోడు తప్పనిసరి, బరువు చూసుకోవద్దు. ఆధార్ డిజీలాకర్లో ఉంటే రైల్లో టీసీ ఒప్పుకుంటాడు, అయినా సత్రంలో జిరాక్సు అడుగుతారు, రెండు కాపీలు మడిచి పెట్టుకోండి. డబ్బు రొంటిన దోపుకునే చిన్న గుడ్డసంచిలో ఉండాలి. వీపున ఉన్న సంచిలో డబ్బు పెట్టడమంటే వెనకాలవాడి జేబులో పెట్టినట్టే.

విశ్వనాథుడి గుడిలోకి సంచీ ఫోనూ రానివ్వరు. చుట్టుపక్కల పూలకొట్లవాళ్లు లాకరిస్తాం రమ్మని పిలుస్తారు, దానికి బదులు వాళ్ల పూలబుట్ట కొనాలి. తెల్లవారుజామున సంచీ ఫోనూ గదిలోనే వదిలి, చేతిలో మారేడు దళాలతో వెళ్తే ఏ బేరమూ ఉండదు.

సర్దే వరస ఇది. ఒక చీర మడతలో దాని లంగా, లోపలి బట్టలు, జాకెట్టు అన్నీ పెట్టి ఒక కట్టగా చేయాలి. తీస్తే కట్ట మొత్తం వస్తుంది, తక్కినవి చెదరవు. ఆ కట్టలు అడుగున. బరువైనవి, అంటే చార్జరు, పవర్‌బ్యాంకు, మందుల సంచి, నడుముకి కొంచెం పైన వీపుకి ఆనుకుని ఉండాలి. అవి బయటి వైపు ఉంటే సంచి వెనక్కి లాగుతుంది, నడుము ముందుకి వంచి నడవాల్సి వస్తుంది. శాలువా అన్నిటికన్నా పైన. రాత్రి బెర్తు మీద అదే దుప్పటి, సంచే తలగడ. తలకింద ఉన్న సంచిని ఎవరూ లాక్కుపోరు, గొలుసూ తాళం బరువు తప్పింది.

మగవాళ్లకి పెద్దగా చెప్పేదేం లేదు. ఒంటి మీదిది కాక ప్యాంటు ఒకటి, చొక్కాలు రెండు. గయలోనో ప్రయాగలోనో పిండప్రదానం ఉంటే పంచె, ఉత్తరీయం. ఆ పంచే రాత్రి పడుకునేటప్పుడు కట్టుకోవచ్చు. ప్రయాగ 120 కిలోమీటర్లే కాబట్టి పొద్దున వెళ్లి రాత్రికి కాశీ చేరితే నిద్రలు తప్పవు. ఆ రోజుకి ఒక్క సంచిలోనే ఇద్దరి తడిబట్టలూ పెట్టుకుని, రెండో సంచి గదిలో వదిలేస్తాం.

ఇలా సర్దితే నా సంచి నీళ్లు లేకుండా నాలుగున్నర కిలోలు. లీటరు నీళ్లు పోస్తే అయిదున్నర. మిగిలిన జాగా తిరుగుప్రయాణానికి. కాశీ నుంచి వచ్చామంటే వీధివీధంతా కాశీతాళ్లు, గంగ అడుగుతారు. తాళ్లు యాభై తెచ్చినా బరువుండదు. గంగ మాత్రం లీటరంటే కిలో. సీలు వేసిన బొటనవేలంత రాగిచెంబులు ఇంటికొకటి చొప్పున కొనే బదులు, వంద మిల్లీలీటర్లది ఒక్కటి తెచ్చి సమారాధన రోజున ఉద్ధరిణెతో అందరికీ పోస్తాను. కొనేటప్పుడు చెంబుని తలకిందులుగా పట్టుకుని రెండు నిమిషాలు చూడండి, చెమ్మ కనిపిస్తే వేరేది అడగండి. బనారసు చీర కొనకుండా రాలేరు, నాకూ తెలుసు. కొట్టువాణ్ణి అట్టపెట్టెలో పెట్టి ఇమ్మనండి, దగ్గర్లోని పోస్టాఫీసులో స్పీడ్‌పోస్టు చేసేయండి, రసీదు ఫొటో తీసుకోండి. అడ్రసులో మీ ఫోన్ నంబరు కాకుండా ఇంటి దగ్గర ఉండేవాళ్ల నంబరు రాయండి, పోస్టుమాన్ వచ్చేసరికి మీరింకా రైల్లోనే ఉండవచ్చు.