ఇంట్లో కట్టే వాల్వ్ కంప్రెసర్‌కు ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు ఎంచుకోవడం

పాత కంప్రెసర్ (బిగ్గరగా వచ్చే సిగ్నల్‌ను తనంతట తానే తగ్గించే పరికరం) సర్క్యూట్‌లో రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పేరునే వెతికి కొంటే పని అయిపోతుందనుకోవడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. ఆ సర్క్యూట్లు గీసిన 1950లలో స్టూడియో లైను అంటే 600 ఓమ్‌ల లైను. పంపే వైపు 600, అందుకునే వైపు 600. ఇవాళ మన ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు శబ్దాన్ని చేర్చే, తీసే పెట్టె) ఔట్‌పుట్ 50 నుంచి 150 ఓమ్‌ల మధ్య ఉంటుంది, లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. చుట్టూ ఉన్నవి మారాయి కాబట్టి అదే ట్రాన్స్‌ఫార్మర్ అప్పటిలా నడవదు. లెక్క మళ్లీ వేసుకోవాల్సిందే.

ఉదాహరణకు ఆల్టెక్ 436 అనే కంప్రెసర్ తరహా సర్క్యూట్ తీసుకుందాం. రికార్డింగ్ కంపెనీ ఈఎంఐ వాళ్లు ఈ 436బీనే మార్చుకుని ఆర్ఎస్124గా వాడుకున్నారు. వాల్వుల్లో ముందు 6బీసీ8, వెనక 6సీజీ7, గెయిన్ తగ్గించే కంట్రోల్ వోల్టేజీకి 6ఏఎల్5. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండే: ఒకటి లోపలికి, ఒకటి బయటికి. మొదటిసారి కట్టేవారికి ఎన్నో వాల్వులుండే ఫెయిర్‌చైల్డ్ 670 కంప్రెసర్ కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. 6బీసీ8 దొరక్కపోతే ఈసీసీ189 కూడా రిమోట్ కటాఫ్ (గ్రిడ్డు నెగటివ్ అయ్యేకొద్దీ గెయిన్ మెల్లగా తగ్గే) డబుల్ ట్రయోడే, అంటే ఒకే గాజులో రెండు వాల్వులు. పిన్నులు, హీటర్ వోల్టేజీ, బయాస్ (గ్రిడ్డుకు ఇచ్చే నిలకడ వోల్టేజీ) మాత్రం డేటాషీట్‌లో సరిచూసుకోండి.

ఇది వేరి-మ్యూ రకం. గ్రిడ్డును (వాల్వులో కరెంటును అదుపు చేసే జాలీ) మరింత నెగటివ్‌గా లాగి వాల్వు గెయిన్ తగ్గిస్తాం. అలా లాగినప్పుడు రెండు ప్లేట్ల (వాల్వులో సిగ్నల్ బయటికొచ్చే కొసల) వోల్టేజీలూ కలిసి పైకి లేస్తాయి. ఆ కదలిక బయటికి వస్తే ప్రతి డ్రమ్ము దెబ్బకూ 'ధబ్' మనే శబ్దం వినిపిస్తుంది. అందుకే పుష్-పుల్, అంటే సిగ్నల్‌ను రెండు సగాలు ఎదురెదురుగా మోసే అమరిక. రెండు వైపులూ ఒకేలా కదిలితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ కదలిక రద్దవుతుంది, సిగ్నల్ మాత్రమే మిగులుతుంది. అంటే ఈ ట్రాన్స్‌ఫార్మర్ల అసలు అర్హత స్వరం తీయదనం కాదు, రెండు సగాల సమానత్వం. ఎల్ఏ-2ఏ అనే మరో కంప్రెసర్ పార్ట్స్ లిస్టు చూసి వీటిని కొనకండి. అక్కడ గెయిన్ తగ్గించేది టీ4బీ అనే కాంతి సెల్. దానికి సెంటర్ ట్యాప్ (చుట్ట సరిగ్గా మధ్య నుంచి తీసిన తీగ)తో పనే లేదు.

ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క

600:15 కిలో ఓమ్‌లని రాసి ఉంటే 15000ను 600తో భాగించి వర్గమూలం తియ్యండి. 5 వస్తుంది. చుట్ల నిష్పత్తి 1:5 అన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్‌కు సొంత ఇంపెడెన్స్ అంటూ ఉండదు. అవతల తగిలించిన లోడును నిష్పత్తి వర్గంతో భాగించి ఇవతల చూపిస్తుంది, అంతే.

ఇప్పుడు +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు పంపామనుకోండి. సెకండరీలో (బయటికిచ్చే చుట్టలో) 6.1 వోల్టులు, ఒక్కో గ్రిడ్డుకు 3 వోల్టులకు పైగా. రిమోట్ కటాఫ్ వాల్వుకు ఇది మోయలేని బరువు. గ్రిడ్డు దగ్గర అర వోల్టు చుట్టూ ఉంచితే డిస్టార్షన్ అదుపులో ఉంటుంది. అంటే ముందు 16 డెసిబెల్స్ తగ్గించాలి. దీనికి ఒక్కో తీగలో 620 ఓమ్‌ల రెసిస్టర్, ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి (సిగ్నల్ ఇచ్చే చుట్టకు) అడ్డంగా 390 ఓమ్‌లు చాలు. సెకండరీ మొత్తం మీద 15 కిలో ఓమ్‌ల లోడు ఉంచితేనే ఈ లెక్క సరిపోతుంది. సిగ్నల్ తగ్గించే ఈ రెసిస్టర్ల జట్టు (ప్యాడ్) ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు ఉండడం వల్ల ఇంకో లాభం ఉంది. +20 డీబీయూ వచ్చినా ప్రైమరీ మీద 1.2 వోల్టులు దాటవు కాబట్టి చిన్న నికెల్ కోర్ (చుట్టల మధ్య ఉండే లోహపు దిమ్మ) కూడా బాస్‌లో అయస్కాంత శక్తితో నిండిపోదు.

అసలు 1:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ప్యాడే లేకుండా చేస్తే? గ్రిడ్డుకు 0.6 వోల్టులే వస్తాయి, బాగానే ఉంటుంది. కానీ అప్పుడు +20 డీబీయూ అంటే 7.75 వోల్టులను 30 హెర్ట్‌జ్ దగ్గర కూడా ఆ కోర్ భరించాలి. కోర్ పెద్దదవుతుంది, ధరా పెరుగుతుంది. మన దగ్గర ఉన్నది 1:9 దాకా పెంచే పాత మైక్ లేదా లైన్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే మాత్రం వద్దు. ప్యాడ్ వేసి తగ్గించి, మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచడం తప్ప లాభం లేదు, పైగా పై ఫ్రీక్వెన్సీలు పోతాయి.

కంట్రోల్ వోల్టేజీ సెకండరీ సెంటర్ ట్యాప్ గుండా గ్రిడ్లకు చేరుతుంది. కాబట్టి ఆ ట్యాప్‌ను నేలకు కలపకూడదు. ట్యాప్ లేని మంచి ట్రాన్స్‌ఫార్మర్ చేతికొస్తే వదులుకోకండి. 1 శాతం తేడాలోపు ఉన్న 7.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు సెకండరీ మీద వరుసగా వేసి, వాటి మధ్య బిందువుకు కంట్రోల్ ఇవ్వండి. 15 కిలోల లోడు కూడా అందులోనే వచ్చేసింది. లుండాల్ కంపెనీ వాటిలా రెండు విడి చుట్టలు ఉంటే వరుసలో కలపండి. చుట్టల దిశ చూపే చుక్క గుర్తులు తారుమారైతే సిగ్నల్ రద్దయి దాదాపు నిశ్శబ్దం వస్తుంది. భయపడకుండా ఒక చుట్ట కొసలు తిప్పి కలపండి.

ఔట్‌పుట్ వైపు

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. 6సీజీ7 ప్లేట్ రెసిస్టెన్స్ ఒక్కోటి సుమారు 7.7 కిలోలు, రెండూ కలిపి 15.4. దానికి 15 కిలో:600, అంటే 5:1 దింపే సెంటర్ ట్యాప్ ప్రైమరీ సరిపోతుంది. బయటికి 600 ఓమ్‌ల లోడు ఉన్నప్పుడు ప్రైమరీకి కనబడే రెసిస్టెన్స్ మొత్తం 7.6 కిలోలు. 20 హెర్ట్‌జ్ దగ్గర 3 డెసిబెల్స్ మాత్రమే పడాలంటే 60 హెన్రీల ఇండక్టెన్స్ కావాలి. లోడు 10 కిలోల ఇంటర్‌ఫేస్ అయితే ఆ రెసిస్టెన్స్ 14.5 కిలోలకు పెరిగి, అదే బాస్‌కు 115 హెన్రీలు కావాల్సివస్తుంది. ఔట్‌పుట్ మీద 620 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే బాస్ నిలబడుతుంది, పై ఫ్రీక్వెన్సీల్లో మోగే గుణం తగ్గుతుంది. బదులుగా దాదాపు 6 డెసిబెల్స్ లెవెల్ పోతుంది, డిస్టార్షన్ కొంచెం పెరుగుతుంది. 1 కిలో ఓమ్ దగ్గర మొదలుపెట్టి విని చూసుకోవడం మంచిది.

కేటలాగ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ భరించే గరిష్ఠ లెవెల్ '+24 డీబీఎమ్' అని ఉంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నది చూడండి. కోర్‌లో ఫ్లక్స్ వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించినంత. 1000 హెర్ట్‌జ్ దగ్గర రాసిన అంకె 30 దగ్గర ఏమీ చెప్పదు. '30 హెర్ట్‌జ్‌లో +18 డీబీయూ వస్తుందా?' అని తయారీదారుని అడగండి. సోటర్, లుండాల్, సినీమ్యాగ్, జెన్‌సెన్, ఎడ్కోర్, హ్యామండ్ లాంటివాళ్లకు ఇది మామూలు ప్రశ్నే.

80 శాతం నికెల్ కోర్ చిన్న సిగ్నల్‌కు శుభ్రంగా ఉంటుంది కానీ డీసీకి బొత్తిగా ఓర్చదు. ఔట్‌పుట్‌కు గ్రెయిన్ ఓరియెంటెడ్ స్టీల్ గానీ, 50 శాతం నికెల్ గానీ వాడండి. పుష్-పుల్ కోర్‌లో గాలి ఖాళీ ఉండదు. రెండు ప్లేట్ల కరెంటు తేడా ఒక మిల్లీయాంప్‌కు చేరినా బాస్ చప్పబడొచ్చు. ఒక్కో ప్లేట్ దారిలో 10 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దాని మీద 10 మిల్లీవోల్టులంటే 1 మిల్లీయాంప్. అక్కడ 250 వోల్టులకు పైగా ఉంటుంది. మీటరు క్లిప్పులు కరెంటు ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేశాకే తగిలించండి. 6సీజీ7 ఉమ్మడి క్యాథోడ్ రెసిస్టర్‌కు బైపాస్ కెపాసిటర్ వెయ్యకండి. అది లేకపోవడమే ఆ 'ధబ్' శబ్దాన్ని కొంత మింగేస్తుంది. 6బీసీ8 రెండు సగాలు ఒక్క బయాస్ దగ్గర జతపడితే చాలదు, మూడు వేర్వేరు గ్రిడ్ వోల్టేజీల దగ్గర కరెంటు కొలిచి జత కుదర్చాలి. జత కుదరని వాల్వును ఏ ట్రాన్స్‌ఫార్మరూ రక్షించలేదు.

ఇక్కడ దొరికేవి, దొరకనివి

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గానీ, చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ (ఇంటి కరెంటును సర్క్యూట్‌కు కావలసిన వోల్టేజీకి మార్చేది) కోసం వెతకొచ్చు. ఇలాంటి ఆడియో రకం మాత్రం అల్మరాలో ఉండదు. పాత వాల్వు రేడియో విప్పి తీసిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆశ పెట్టుకోకండి. అది సాధారణంగా ఒంటరి వాల్వుది, కోర్‌లో ఖాళీ ఉన్నది, స్పీకర్ 4 ఓమ్‌లకు దింపేది. మైకు సెట్ల 100 వోల్ట్ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అంతే, దాన్ని సర్క్యూట్ బతికిందా లేదా చూసుకోవడానికి పెట్టుకోండి. అమెరికా నుంచి పాత మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించుకుంటే అది 60 హెర్ట్‌జ్‌కే చేసిందేమో చూడండి. మన 50 హెర్ట్‌జ్ మీద, వోల్టేజీ సరిపోయినా, కోర్ నిండి వేడెక్కుతుంది.

చేతికొచ్చాక పరీక్ష

ప్రైమరీకి 400 హెర్ట్‌జ్, 1 వోల్టు ఇవ్వండి. చౌక మల్టీమీటర్లు అంతకు పైన తప్పు చూపిస్తాయి. 1:5 అయితే ఒక్కో సగంలో 2.5 వోల్టులు రావాలి, తేడా 25 మిల్లీవోల్టులు దాటకూడదు. తర్వాత 1000 హెర్ట్‌జ్ చదరపు తరంగం పంపి ఆసిలోస్కోప్‌లో అంచు చూడండి. 10 శాతం కన్నా ఎత్తుగా ఎగిరి మోగుతుంటే సెకండరీ మీద 10 కిలో ఓమ్‌లు, 220 పీకోఫారడ్‌లు వరుసగా వేసి, విలువలు మార్చుతూ సరిచెయ్యండి. మల్టీమీటర్ ఓమ్ రేంజిలో నికెల్ కోర్ చుట్టను కొలవకపోవడమే మేలు. ఆ చిన్న డీసీకే కోర్‌లో కొంత అయస్కాంతత్వం మిగలొచ్చు. కొలిచేసి ఉంటే 30 హెర్ట్‌జ్ సిగ్నల్‌ను బాగా పెంచి, నెమ్మదిగా సున్నాకు దించండి.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే మ్యూ-మెటల్ (బయటి అయస్కాంత క్షేత్రాన్ని ఆపే లోహం) డబ్బాను కింద పడెయ్యకండి, దానికి రంధ్రాలు వెయ్యకండి. దెబ్బ తగిలితే హమ్మును ఆపే శక్తి తగ్గిపోతుంది. చాసిస్‌లో ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు, మెయిన్స్‌కు మధ్య ఎంత దూరం వీలైతే అంత ఉంచండి. బిగించే ముందు సెకండరీని హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కు కలిపి, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఇచ్చి, ఇన్‌పుట్ దాన్ని చేత్తో తిప్పుతూ వినండి. హమ్ము దాదాపు మాయమయ్యే కోణం ఒకటి దొరుకుతుంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాకే చాసిస్‌కు డ్రిల్ పెట్టండి.