మందం దగ్గర మిషన్ మొరాయిస్తే
కుట్టు మిషన్ మీద సంచులు కుట్టేవాళ్లకు హ్యాండిల్ అతికే చోటుకి రాగానే టెన్షన్ మొదలవుతుంది. అక్కడ పై గుడ్డ, అస్తరు, హ్యాండిల్ మడతలు కలిసి ఎనిమిది పొరలైనా ఉంటాయి. కుట్లు దాటిపోతాయి, లేదా ఒకేచోట ముద్దగా పడతాయి. నాకు రెండు సూదులు అక్కడే విరిగాయి.

తప్పు మిషన్‌ది కాదు. మందం ఎక్కేటప్పుడు, గుడ్డను పైనుంచి నొక్కి పట్టే ఫుట్ ముందు భాగం పైకి లేచి, వెనక భాగం కిందికి వాలుతుంది. అలా ఏటవాలుగా ఉన్నప్పుడు గుడ్డను జరిపే కింది పళ్లకు అది సరిగ్గా దొరకదు. అందుకే మిగిలిన గుడ్డ ముక్కను అంతే మందం వచ్చేలా మడిచి, సూది కిందకి దించి, ఫుట్ ఎత్తి, దాని వెనక భాగం కింద దూర్చండి. ఫుట్ సమంగా కూర్చోగానే మిషన్ హాయిగా ముందుకు వెళ్తుంది! మందం దిగేటప్పుడు అదే మడతను ఫుట్ ముందు వైపు పెట్టాలి.

16వ నంబర్ సూది వేసుకోండి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచండి. మందం మీద పడే ఆ నాలుగు కుట్లూ మాత్రం మోటారుతో వద్దు, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. సూది ఎక్కడ బిగుస్తోందో వేళ్లకే తెలిసిపోతుంది.

బొంత అంచు పట్టీ మూలల్లోనూ ఇలాగే చేస్తాను. నా మిషన్ పక్కన మడిచి కుట్టేసిన జీన్స్ ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది.