పిల్లల్ని ఈప్ర యుద్ధభూమికి తీసుకెళ్ళాలంటే ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లో టీచర్‌గా హైస్కూల్ పిల్లల్ని మొదటి ప్రపంచయుద్ధం జరిగిన చోటు, బెల్జియంలోని ఈప్రకి చాలాసార్లు తీసుకెళ్ళాను. బస్సు దిగడం, తెల్లటి సమాధిరాళ్ళ ముందు గ్రూప్ ఫొటో దిగడం, చాక్లెట్లు కొనుక్కుని వెనక్కి రావడం, ఇలాంటి ట్రిప్పులు చూసి చూసి విసుగొచ్చింది.

సామాన్లు పెద్దగా ఏం లేవు. వానకోటు, బురదకి ఆగే బూట్లు, నోట్‌బుక్, పెన్సిల్, ఒక బైనాక్యులర్. డోవర్‌లో ఫెర్రీ ఎక్కి కలేలో దిగితే అక్కణ్ణుంచి బస్సులో గంటన్నర లోపే. పొలం గట్టున తుప్పు పట్టిన ఇనుము ఏది కనిపించినా ముట్టుకోనివ్వకండి, అప్పట్లో పేలని ఫిరంగి గుళ్ళు ఇప్పటికీ నాగళ్ళకి తగులుతూనే ఉన్నాయి.

అసలు పని బయల్దేరడానికి నెల ముందే ఉంది. ఒక్కో విద్యార్థికి ఆ యుద్ధంలో చనిపోయిన ఒక్కో సైనికుణ్ణి అప్పజెప్పాలి. సైనికుల సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతారు, కానీ పేరొక్కటే చూసి ఆగిపోవద్దు. రెజిమెంట్, సర్వీస్ నంబరు, చనిపోయిన తేదీ, మూడూ రాసుకోవాలి. ఒకసారి ఓ అమ్మాయి తన ముత్తాత తమ్ముడనుకుని ఒక సమాధి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది. రాయి మీద చెక్కిన రెజిమెంట్ గుర్తు చూస్తే అది వేరేది, పేరు మాత్రమే కలిసింది. ముందే సరిచూడాల్సింది నేను, ఆ పిల్ల ముఖం ఇంకా గుర్తుంది.

ఇంకోటి, ఆయనకి సమాధి ఉందా, గోడ మీద పేరే ఉందా అన్నది ముందే తేల్చుకోండి. ఈప్రలో స్మారకంగా కట్టిన మెనిన్ గేట్ అనే పెద్ద ద్వారం మీదున్న 54 వేలకు పైగా పేర్లు సమాధి ఎక్కడో తెలియనివాళ్ళవి. బ్రిటిష్ సైనికుల్లో 1917 ఆగస్టు 16 తర్వాత పోయినవాళ్ళ పేర్లు ఎక్కువగా టైన్ కాట్ అనే సైనిక శ్మశానం గోడ మీదుంటాయి. ఇది తెలియక గేట్ దగ్గర గంటసేపు వెతికి పిల్లలు నీరసపడిపోతారు. గోడ మీద పేర్లు ముందు రెజిమెంట్, తర్వాత ర్యాంకు, ఆ తర్వాతే ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి, కాబట్టి ప్యానెల్ నంబరు తప్పకుండా రాసుకోండి. పేరు పైన ఎక్కడో ఉంటే బైనాక్యులర్ లేనిదే కనపడదు.

రోజుకి ఆరు శ్మశానాలు చుట్టేసే టీచర్లున్నారు. రెండు చాలు. టైన్ కాట్‌లో దాదాపు 12 వేల సమాధులుంటే 8 వేలకు పైగా పేరు తెలియనివే. ఆ వరుసల మధ్య ఒక్కో విద్యార్థి తన మనిషి పేరు, వయసు, ఊరు పైకి చదవాలి. ఫోన్లు బస్సులోనే ఉండాలి.

మన పిల్లలుంటే సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని న్యూవ్ షపెల్‌కి కూడా తీసుకెళ్ళండి, అక్కడి గుండ్రటి గోడ మీద 4,700కి పైగా భారత సైనికుల పేర్లున్నాయి.

సాయంత్రం 8 గంటలకి మెనిన్ గేట్ కింద చనిపోయిన సైనికుల కోసం బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే బాణీ ఊదుతారు. 1928లో మొదలైంది, 1929 నుంచి, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన రోజులు తప్ప, ఆగలేదు. పుష్పగుచ్ఛం పెట్టాలంటే ముందే బుక్ చేసుకోవాలి. అయిపోయాక చప్పట్లు కొట్టకూడదని బస్సులోనే చెప్పండి, అక్కడ చెబితే ఆలస్యమైపోతుంది.