వానలకు ముందు జనరేటరు డీజిల్: అపార్ట్‌మెంట్ల వారు తీసుకోవలసిన జాగ్రత్తలు

విజయవాడ, గుంటూరుల్లో అపార్ట్‌మెంటు జనరేటరుకు అసలైన పరీక్ష వేసవి కోతల్లో కాదు, వానల్లో ఎదురవుతుంది. వేసవిలో కరెంటు పోతే గంటకో రెండు గంటలకో వస్తుంది. డీజిల్ అయిపోతే వాచ్‌మన్ బంకుకు వెళ్లి తెస్తాడు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వైపు ఇళ్లలోకి నీళ్లు చేరినప్పుడు ఈ రెండూ సాధ్యపడలేదు. కరెంటు రోజుల తరబడి రాలేదు, బంకుకు వెళ్లడానికి దారి లేదు, సెల్లార్లు మునిగినచోట జనరేటరే నీళ్ల కింద ఉండిపోయింది. అంతకు ముందు ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కాబట్టి మన ప్రాంతం వరకు జూన్ మొదలు డిసెంబరు దాకా ఉన్న కాలాన్ని ఒకే గండంగా లెక్కవేసుకుని, దానికి కావలసిన డీజిల్ ఏర్పాట్లను మే నెలాఖరులోగా ముగించుకోవడం మంచిది.

ఇంజను బాగోగులు చూడటానికి సాధారణంగా ఏడాది ఒప్పందం మీద మెకానిక్కు ఉంటాడు. డీజిల్ మాత్రం ఎవరి పద్దులోనూ ఉండదు. అసోసియేషన్ సమావేశంలో వినాయక చవితి పందిరి గురించి గంటసేపు మాట్లాడతారు, డీజిల్ గురించి ఖర్చు ఎంతయిందన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతారు. అవసరం వచ్చిన వేళ జనరేటరు స్టార్ట్ కాకపోతే ముందు బ్యాటరీని చూడాలి. బ్యాటరీ బాగానే ఉంటే తర్వాత అనుమానించవలసింది డీజిల్‌లో చేరిన నీళ్లను, అడుగున పేరుకున్న మడ్డిని, పైపులో పట్టిన గాలిని. ఈ మూడూ ముందుగా నివారించగలిగినవే.

మొదట ఎంత నిల్వ కావాలో తేల్చుకోవాలి. ఒక యూనిట్ విద్యుత్తు తయారు కావడానికి డీజిల్ జనరేటరు సుమారుగా పావు లీటరు నుంచి లీటరులో మూడో వంతు దాకా తాగుతుంది. మధ్యతరహా అపార్ట్‌మెంటులో ఉండే 62.5 కేవీఏ (జనరేటరు సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం) జనరేటరు సగం లోడు మీద నడిస్తే గంటకు 7, 8 లీటర్లు ఖర్చవుతుంది. రాత్రింబవళ్లు నడిపితే రోజుకు 180 లీటర్లు దాటుతుంది, అంత నిల్వ పెట్టి మూడు రోజులు నెట్టుకురావడం ఎవరి తరమూ కాదు. అందుకే ఉదయం, సాయంత్రం మోటారు వేయడానికి, పెద్దవాళ్లు లిఫ్టులో దిగి ఎక్కడానికి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికి కలిపి రోజుకు నాలుగైదు గంటలని వేళలు ముందే నిర్ణయించి నోటీసు బోర్డులో పెడితే, రోజుకు 40 లీటర్ల లోపుతో గడుస్తుంది. ఆ లెక్కన ట్యాంకులో ఉన్నది, విడిగా ఉన్నది కలిపి 150 నుంచి 200 లీటర్లుంటే నాలుగు రోజులు ధైర్యంగా ఉండవచ్చు. 1934 నాటి పెట్రోలియం చట్టం డీజిల్‌ను రెండో తరగతి ఇంధనంగా పరిగణించి, ఏ ఒక్క పాత్రా వెయ్యి లీటర్లకు మించకుండా, మొత్తం 2,500 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా నిల్వ చేసుకోవడానికి అనుమతిస్తుంది. చట్టం ఒప్పుకుంది కదా అని కార్లు, స్కూటర్లు, మీటర్ బోర్డులు ఉన్న సెల్లార్‌లో డ్రమ్ముల వరుస పేర్చడం మాత్రం వివేకం అనిపించుకోదు.

డీజిల్ పెట్రోలులా భగ్గున అంటుకోదన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. అది చల్లటి ప్రదేశాలకు చెల్లుతుంది. ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత మన దేశపు డీజిల్ ప్రమాణంలో 35 డిగ్రీలు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఒక్కోసారి 45 డిగ్రీలకు చేరుతుంది, తలుపులు మూసిన జనరేటరు గదిలో ఇంజను వేడి అదనం. ఆ గదిలో మూత సరిగా లేని క్యాను, పక్కనే బీడీ కాల్చే మనిషి లేదా వెల్డింగ్ పని ఉంటే ప్రమాదానికి ఇంకేమీ అక్కర్లేదు. నిల్వ పెట్టే చోటు గాలి ఆడేదిగా, నీడపట్టున, ఇంజనుకు, స్విచ్ బోర్డుకు దూరంగా ఉండాలి. ట్యాంకును, డ్రమ్మును అంచుదాకా నింపకూడదు. డీజిల్ వేడికి వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున నింపిన 200 లీటర్ల డీజిల్ మధ్యాహ్నానికి 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర లీటర్లు పెరుగుతుంది, ఖాళీ లేకపోతే అదంతా మూతలోంచి నేల మీదికి వస్తుంది. ఇరవయ్యో వంతు ఖాళీ ఉంచడం చాలు.

బంకు నుంచి తెచ్చే పని అన్నింటికంటే నిర్లక్ష్యంగా సాగుతుంది. తాగునీటి క్యానులో పోయించుకుని, స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని రావడం మనం రోజూ చూసేదే. మంచినీళ్ల క్యాను ఇంధనానికి పనికి రాదు. దాని మూత బిగుతుగా ఉండదు, అడుగున మిగిలిన నీటిచుక్కలు నేరుగా ట్యాంకులోకి పోతాయి, తర్వాత ఆ క్యానును తెలియక ఎవరైనా నీళ్లకు వాడితే అది మరో ఆపద. అంతకు ముందు పెట్రోలు పోసిన డబ్బాలో డీజిల్ పట్టడం ఇంకా ప్రమాదకరం. ఖాళీగా కనబడే డబ్బాలో పెట్రోలు ఆవిరి ఉంటుంది, ధారగా పడే డీజిల్ రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి ఆ ఆవిరిని అంటించగలదు. డీజిల్‌కని ప్రత్యేకించిన డబ్బాలు కొని, పెద్ద అక్షరాలతో పేరు రాయించి, నేల మీద ఉంచే నింపించాలి, డిక్కీలోనో ఆటోలోనో ఉంచి నింపించకూడదు. వంద లీటర్లు దాటే అవసరమైతే ఇంటి ముంగిటికే వచ్చే అనుమతి పొందిన డీజిల్ బౌజరును, అంటే చిన్న ట్యాంకరు బండిని, పిలిపించుకోవడం మేలు. నింపే ముందు దాని ఎర్తింగ్ తీగను తగిలించారో లేదో మాత్రం చూసుకోవాలి. కొలత మీద సందేహం ఉంటే ప్రతి బంకులోనూ ఉండే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది. వరద నీళ్లు నిలిచిన బంకు తిరిగి తెరిచిన మొదటి రోజున మాత్రం అక్కడి డీజిల్ తీసుకోకుండా, భూమిలోని ట్యాంకులోకి నీళ్లు దిగలేదని వారు పరీక్షించేదాకా ఆగాలి.

పోసేటప్పుడు ఇంజను ఆగి, చల్లారి ఉండాలి. ఈ పనిని వాచ్‌మన్ ఒక్కడికే వదిలేయకుండా పక్కన మరొకరు నిలబడాలి. సన్నటి ఇత్తడి జల్లెడ ఉన్న లోహపు గరాటును ట్యాంకు నోటికి ఆనించి, డబ్బాను గరాటుకు తాకించి నెమ్మదిగా పోయాలి. పాత లుంగీ గుడ్డతో వడగట్టే అలవాటు మానాలి, గుడ్డ పోగులు ఊడి ఫిల్టరును మూసేస్తాయి. గొట్టం పెట్టి నోటితో పీల్చి డీజిల్ తీయడం వాడుకలో ఉన్నా, అది చాలా చెడ్డ అలవాటు. ఒక్క గుక్క పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వంటి స్థితికి దారితీస్తుంది. పొరపాటున మింగినవారికి వాంతి చేయించకూడదు, చేయిస్తే లోపలికి పోయినది మళ్లీ ఊపిరితిత్తుల దారి పట్టవచ్చు. దగ్గు లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటోనగర్‌లో తక్కువ ధరకే దొరికే చేతిపంపుతో ఈ బాధ తప్పుతుంది.

ట్యాంకులో ఏముందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. జనరేటరు ఒకటి రెండు రోజులు ఆగి ఉన్నాక, ఉదయంపూట ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కుళాయిని కొద్దిగా తిప్పి, శుభ్రమైన గాజు సీసాలో అర లీటరు పట్టాలి. పావుగంట కదపకుండా ఉంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. మంచి డీజిల్ లేత పసుపుగా, అవతలి అక్షరాలు కనిపించేంత తేటగా ఉంటుంది. అడుగున నీళ్లు వేరే పొరగా నిలిస్తే, ఆ పొర పోయేదాకా కుళాయిలోంచి వదలాలి. సీసా అంతా మసకగా, తేట పడకుండా ఉంటే నీరు సన్నటి తుంపరగా కలిసిందని అర్థం. నీటికి, డీజిల్‌కు మధ్య నల్లటి జిగురు పొర కనబడితే అక్కడ సూక్ష్మజీవులు పెరిగాయన్న మాట. అవి ఆ సరిహద్దులోనే బతుకుతాయి, వాటి మడ్డే ఫిల్టర్లను మూసేస్తుంది. అలాంటి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి కడిగించాలి తప్ప, పైన కొత్త డీజిల్ పోసి సరిపుచ్చుకోకూడదు.

వాన పడకపోయినా ట్యాంకులోకి నీళ్లు ఎలా వస్తాయని చాలామంది అడుగుతారు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి గాలిగొట్టం గుండా తేమగాలి పోతూ వస్తూ ఉంటుంది. రాత్రి చల్లదనానికి ఆ తేమ లోపలి రేకు మీద చెమర్చి కిందికి జారుతుంది. కృష్ణా ఒడ్డున ఉన్న ఊళ్లో గాలిలో తేమకు కొదవ లేదు. కాబట్టి వానాకాలంలో ఆ ఇరవయ్యో వంతు ఖాళీ తప్ప ట్యాంకును నిండుగా ఉంచడం, పదిహేను రోజులకోసారి అడుగు కుళాయి తిప్పి చూడటం, విడిగా ఉంచిన డీజిల్‌ను ఆరు నెలలకు మించి నిల్వ పెట్టకుండా పాతది ముందు వాడి కొత్తది నింపడం అవసరం. కిరోసిన్ గాని, పాత ఇంజనాయిల్ గాని కలిపితే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా వద్దనడమే మంచిది.

పైపుల విషయంలో మన ప్లంబర్లు నీళ్ల పని అలవాటుతో జింకు పూత పూసిన జీఐ పైపు వేసేస్తారు. జింకు పూత డీజిల్‌తో చర్య జరిపి, పుట్టిన లవణాలు ఫిల్టరులో, ఇంజనులోకి డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టరులో చేరతాయి. మామూలు ఇనుప పైపు, ఇంధనానికని తయారైన హోసు వాడాలి. తోటకు నీళ్లు పట్టే ఆకుపచ్చ గొట్టం డీజిల్‌కు తట్టుకోలేక కొన్నాళ్లలోనే పాడవుతుంది, క్లాంపు దగ్గర జారిపోతుంది. ట్యాంకు నుంచి ఇంజను దాకా హోసు మీద చేయి పెట్టి తడుముకుంటూ వెళితే జిడ్డు తగిలిన చోటే లీకు ఉంటుంది. అక్కడినుంచి డీజిల్ బయటికి కారడమే కాదు, ఇంజను పీల్చేటప్పుడు గాలి కూడా లోపలికి పోతుంది. ఒక ఫిల్టరు సెట్టు అదనంగా కొని, తడి తగలని చోట భద్రపరచాలి.

ట్యాంకు పూర్తిగా ఎండిపోయేదాకా నడిపితే పైపుల్లో గాలి పట్టి, తర్వాత డీజిల్ పోసినా ఇంజను అందుకోదు. అప్పుడు అదేపనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీ కూడా దిగిపోతుంది. పాత తరహా ఇంజన్లలో ఫిల్టరు మీది చిన్న స్క్రూను వదులు చేసి, చేతి ప్రైమరును, అంటే డీజిల్‌ను ముందుకు నెట్టే చిన్న పంపును, నొక్కుతూ బుడగలు ఆగి చిక్కటి ధార వచ్చేదాకా గాలి తీసి, మళ్లీ బిగించాలి. దీన్ని వానలకు ముందే మెకానిక్కు చేత చూపించుకుని, కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. కొత్త కామన్‌రైల్ ఇంజన్లలో (డీజిల్‌ను అధిక ఒత్తిడితో ఇంజెక్టర్లకు పంపే రకంలో) ఇంజెక్టరు వైపు పైపులను మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అక్కడ వెయ్యి బార్లకు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లకు, మించిన ఒత్తిడి ఉంటుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

వరద విషయానికి వస్తే, నిండు డ్రమ్ము బరువుకు కదలదని అనుకోవడం పొరపాటు. 200 లీటర్ల డీజిల్ బరువు సుమారు 166 కిలోలు, డ్రమ్ముతో కలిపి 185 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అది తొలగించే నీటి బరువు 200 కిలోల పైమాటే. అంటే నిండు డ్రమ్ము కూడా తేలుతుంది, సగం ఖాళీదైతే మరీ తేలిగ్గా కొట్టుకుపోతుంది. తేలే ట్యాంకు పైపులను తెంపుకుంటుంది, సెల్లార్ అంతా డీజిల్ పరుచుకుంటుంది. దాని పక్కనే మంచినీళ్ల సంపు ఉన్న అపార్ట్‌మెంట్లు మన ఊళ్లో లెక్కలేనన్ని. వీలైతే జనరేటరును, ట్యాంకును రోడ్డు మట్టానికి పైన, 2024లో నీళ్లు వచ్చిన చోట్ల గోడ మీది మరకకు పైన, కాంక్రీటు దిమ్మె మీదికి మార్చాలి. అది కుదరనివారు ట్యాంకును ఇనుప పట్టీలతో నేలకు బిగించి, గాలిగొట్టాన్ని, పోసే మూతను ఆ మట్టానికి పైకి పొడిగించి, నీళ్లు వస్తున్నాయన్న హెచ్చరిక వినగానే ట్యాంకు దగ్గరి వాల్వును మూసే బాధ్యతను ఒక పేరుతో సహా రాసిపెట్టాలి. సంపు మూతకు రబ్బరు అంచు వేయించడం ఈ ఖర్చులో భాగమే.

మంటల కోసం డ్రై పౌడరు లేదా ఫోమ్ సిలిండరు, రెండు ఇసుక బకెట్లు గది తలుపు బయట ఉండాలి. లోపల ఉంటే మంటల్లోకి వెళ్లి తెచ్చుకోవలసి వస్తుంది. డీజిల్ మంట మీద నీళ్లు చల్లితే డీజిల్ నీటి మీద తేలి మంట ఇంకా పరుచుకుంటుంది. అగ్నిమాపక శాఖ నంబరు 101. సెల్లార్ మునిగినప్పుడు అద్దెకు తెచ్చిన చిన్న జనరేటరును మెట్ల మీదో కారిడార్‌లోనో పెట్టి నడపడం ప్రాణాంతకం, ఎందుకంటే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

నీళ్లు తీసిన తర్వాత తొందర పనికిరాదు. మునిగిన జనరేటరును మెకానిక్కు చూసేదాకా ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకూడదు, ఇంజనులోకి నీరు చేరి ఉంటే పిస్టన్లను కదిపే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ట్యాంకులోని డీజిల్ తేటగా కనబడినా పూర్తిగా తీయించి, ట్యాంకు కడిగించి, ఫిల్టర్లన్నీ మార్పించాలి. తీసిన మురికి డీజిల్‌ను, మడ్డిని కాలువలోకి వదలకుండా మూత ఉన్న డబ్బాల్లో విడిగా ఉంచి, వ్యర్థ నూనెలు సేకరించడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికి అప్పగించాలి. సంపులో నీటి మీద రంగురంగుల తెట్టు ఏమాత్రం కనిపించినా ఆ నీటిని మోటారుతో పైట్యాంకుకు ఎక్కించకూడదు. ఒకసారి ఎక్కిస్తే పైట్యాంకు, ప్రతి ఫ్లాటుకూ దిగే పైపులు అన్నీ కడగవలసి వస్తుంది.