చక్రాల కుర్చీలో ఉంటూ సంతోషంగా ఉండటం ఎలా?

నాకు వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. నాలాంటివాళ్లకి ముందు చెప్పేది ఒకటే: సంతోషాన్ని స్వస్థతకు ముడిపెట్టకండి. స్వస్థత కోసం ప్రార్థించండి, నేనూ చేస్తాను. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు (తనను వేధించిన బాధను ఆయన అలా అన్నాడు) తీసెయ్యమని దేవుణ్ణి ముమ్మారు వేడుకుంటే వచ్చిన జవాబు, "నా కృప నీకు చాలును." ముల్లు పోయిందని ఎక్కడా లేదు. అయినా పౌలుకు విశ్వాసం చాల్లేదని ఎవరూ అనరు, మనల్నయితే అనేస్తారు! అలాంటివాళ్లకి బైబిల్లో యోహాను సువార్త 9వ అధ్యాయం చూపించి ఊరుకోండి. ఒకడు గుడ్డివాడిగా పుట్టడానికి కారణం అతని పాపమూ కాదు, కన్నవాళ్ల పాపమూ కాదని అందులో యేసే చెప్పాడు. వాదనకు దిగితే ఓపిక దండగ.

ఏడుపొస్తే ఏడవండి. 88వ కీర్తన ఆసాంతం మొరే, ముగిసేదీ చీకట్లోనే. కానీ వారాల తరబడి నిద్ర పట్టక, దేనిమీదా మనసు పోకపోతే డాక్టర్ని కలవండి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తరగదు.

ఇక ఒంటి సంగతి. స్పర్శ లేనిచోట పుండు పడుతున్నా తెలియదు, అందుకే అరగంటకోసారైనా ఒంటి బరువు ఆనే చోటు మార్చాలి. నేను కుర్చీకి బ్రేకులు వేసి, మోచేతులు మోకాళ్లమీద ఆనించి ముందుకు వంగుతాను. రెండు నిమిషాలు అలాగే ఉండాలి. గడియారం చూస్తే విసుగు, 23వ కీర్తన నిదానంగా రెండుసార్లు చెప్పుకుంటే ఇట్టే గడిచిపోతాయి. అలారం మోగగానే ఇంట్లోవాళ్లు "నీ కీర్తన వేళయింది" అంటారు. తూలిపడే భయముంటే పక్కన ఒకరుండాలి. రాత్రిపూట అద్దం పెట్టుకుని పిరుదులు, మడమలు చూసుకుంటాను. చర్మం ఎర్రబడి ఆ ఎరుపు తగ్గకపోతే అక్కడ బరువు పడనివ్వను, డాక్టరుకు చూపిస్తాను. చర్మం బాగుంటే ఆ రాత్రి మొదటి స్తోత్రం దానికే. ఇదేం స్తోత్రం అనిపిస్తే, పుండు మానేదాకా నెలలు బోర్లా పడుకున్నవాళ్లని అడగండి.

సంఘంలో ఒక పని అడిగి తీసుకోండి. ఎప్పుడూ మనకోసం ఇతరులే ప్రార్థిస్తుంటే మనసు చిన్నబోతుంది. నేను ఆరాధనకు రాలేనివాళ్లకి ఫోన్ చేసి వాళ్ల ప్రార్థన మనవులు రాసుకుంటాను. బైబిల్లో సౌలు రాజు మనవడు మెఫీబోషెతు రెండు కాళ్లూ కుంటివే, అయినా రోజూ భోజనం దావీదు రాజు బల్ల దగ్గరే. మెట్లు అడ్డమైతే ర్యాంపు కావాలని పెద్దలకు చెప్పండి, మొహమాటపడకండి. సాక్ష్యం చెప్పడానికి మాత్రమే పిలుస్తుంటే, కానుకల లెక్కలో పిల్లల సండేస్కూలో కూడా మీకివ్వమనండి.